ఆరుగురి పని

మునుం గట్టుకు ఆనలేదు.

నాట్ల ముఠా మేస్త్రి ఆనందకుమారి నడుము నిటారుగా చేసి, మోచేత్తో నుదుటి మీది బురద తుడుచుకొని, వరస పొడవునా చూసింది. ఉత్తరపు గట్టు వారన తాను. తన పక్కన రెబెక్కమ్మ. అక్కణ్ణించి వంగిన వీపులు ఒకదాని వెంట ఒకటి సాగి షారన్ దగ్గర ఆగిపోయాయి. షారన్ అవతల దక్షిణపు గట్టు దాకా ఆరు బారల మేర ఒట్టి బురద.

వరసగా నిలబడి, మనిషికి బారెడు మేర పంచుకొని, వంగి, ఒకే ఊపున వెనక్కి జరుగుతూ నాటుకుపోవడం దిబ్బపాళెం ఆడవాళ్ల పద్ధతి. ఆ వరసనే మునుం అంటారు. పెంచలరెడ్డి పెద్దమడి వెడల్పు ఇరవైరెండు బారలు. ముఠాలో ఆడవాళ్లు ఇరవైరెండు మంది. మడిని చూసి ముఠా కట్టారో, ముఠాను చూసి మడి కట్టారో చెప్పగలవాళ్లు ఇప్పుడెవరూ లేరు గాని, ఏళ్ల తరబడి ఆ మడిలో మునుం ఈ గట్టుకూ ఆ గట్టుకూ తాడు బిగించినట్టు ఆనేది. ఆ ఏడు ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండోసారి వచ్చిపోయాక ముఠాలో పదహారు మంది మిగిలారు. నలుగురు మట్టిలోకి పోయారు. ఇద్దరు బతికారు గాని నాలుగడుగులు వేస్తే ఆయాసం. వంగే పని ఇక వాళ్ల వల్ల కాదు. పోయిన నలుగురిలో షారన్ తల్లి ఒకతె. షారన్ పక్కనున్న ఖాళీలో మొదటి బార ఆమెది.

డిసెంబరు మూడోవారం. నవంబరులో పెన్న పొంగి మొదట పోసిన నారు కొట్టుకుపోతే రైతులు రెండోసారి పోసుకున్నారు. ఆ నారు కూడా ఇప్పుడు నాటు వయసు దాటబోతోంది. పొద్దున ఏడింటికి దిగినవాళ్లు మధ్యాహ్నం సద్ది తినడానికి తప్ప గట్టెక్కలేదు. వరద తెచ్చి పోసిన ఒండ్రు పిక్కల దాకా దిగుతోంది. కాలు పీకాలంటే నడుము సాయం కావాలి, నడుమేమో పొద్దుటి నుంచి వంగే ఉంది.

"ఏంది మేస్త్రీ, నిలబడి చూస్తుండావు?" గట్టు మీద గొడుగు కర్రగా ఆనుకొని నిలబడ్డ చిన్నపోలయ్య కేకేశాడు. పెంచలరెడ్డి పొలం పనులన్నీ అతనే చూస్తాడు. "ఆ చివర మిగిలిన తుంట గూడా దిగి కానిచ్చేయండి. పొద్దుపోతా ఉంది."

"నువ్వు దిగరాదా పోలయ్యా, ఆరు బారలే గదా! పంచె నలుగుతాదనా?" అంది రెబెక్కమ్మ తలెత్తకుండానే. అరవై దాటిన మనిషి. ఆమె నోటికి పాళెంలో పాస్టరు కూడా జంకుతాడు.

"నాకెందుకే ముసిలీ, కూలి మీది, పని మీది."

ఆ మాట ఆనందకుమారి చెవిలో పడి కదలకుండా అక్కడే నిలిచింది. పని మీది. ఎవరి పని? ఆ ఆరు బారలు ఎవరి పని?

ఆమె ఏడో తరగతితో చదువు మానేసింది. కాగితం మీది లెక్కలు ఆమెకు పట్టవు. ఆమె లెక్కలన్నీ వారాల్లో ఉంటాయి. పెంచలరెడ్డి పదెకరాలకు సోమవారం దిగితే శుక్రవారం సాయంత్రానికి గట్టెక్కేవాళ్లు. శనివారం మైపాడు వెళ్లి ఆదివారం కూరకు చేపలు తెచ్చుకునేవాళ్లు. అది ఎన్నడూ తప్పలేదు. ఇవాళ సోమవారం. రోజుకు రెండెకరాలు తెగాల్సిన పని ఒకటిన్నరకే చీకటి పడేట్టుంది. ఈ లెక్కన శుక్రవారం రాదు, శనివారం రాదు. మధ్యలో గుడికి పోయే ఆదివారం ఒకటి తీసేస్తే, మళ్లీ సోమవారం సాయంత్రానికి గాని పదెకరాలు పూర్తి కావు. ఐదు రోజుల పని ఏడు రోజులు. కూలి మాత్రం?

కూలి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలోని నారుకట్ట జారి నీళ్లలో పడింది.

జూన్‌లో, ఎడగారు అనే రెండో పంట నాట్లకు ముందు, ఆమె భర్త హెబ్రోను పోయిన ఇరవైమూడో రోజున పెంచలరెడ్డి స్వయంగా పాళేనికి వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకొని, వీధిలోనే నిలబడి, నెమ్మదిగా మాట్లాడాడు. "మీరు ఇరవైరెండు మంది ఉన్నప్పుడు ఎకరాకి నాలుగువేల నాలుగొందల గుత్త ఇచ్చినా. తలకి రెండొందలు పడింది. ఇప్పుడు పదహారు మందే ఉండారు. తలకి అదే రెండొందలు లెక్క కట్టి మూడువేల రెండొందలిస్తా. ఒక్కరికి గూడా పైసా తగ్గించలా. తగ్గించినానా? నువ్వే చెప్పు."

తగ్గించలేదనే అంది ఆమె. ఆ లెక్క వినడానికి నున్నగా ఉంది. పైగా ఆ చెప్పే మనిషి ఎవరు? మే నెలలో హెబ్రోనుకు ఊపిరి అందనప్పుడు, నూట ఎనిమిది బండి రానప్పుడు, ఆటోవాళ్లు తలుపులు తీయనప్పుడు, తన కారు డ్రైవరు సైతం నేను పోనంటే, తానే ఎక్కి నాలుగద్దాలూ దించి నెల్లూరు దాకా తోలిన మనిషి. మూడు ఆసుపత్రులు తిరిగి నాలుగోదాంట్లో మంచం ఇప్పించిన మనిషి. హెబ్రోను ఐదో రోజున పోయాడు. అది కారు తప్పు కాదు.

ఎడగారులో నాటింది నాలుగెకరాలే. ఏడుపులో ఎవరూ రోజులు చూసుకోలేదు. ఆమె సరేనన్న మూడువేల రెండొందలు దిబ్బపాళెం రేటుగా ఊరంతా పాకింది. ఇప్పుడు పెద్దకారులో, అసలు పంటకు, చిన్నా పెద్దా రైతులందరూ ఆ మాటే చెబుతున్నారు: మేస్త్రి ఒప్పుకున్నదే గదా.

పదెకరాలకు పాత గుత్త నలభైనాలుగు వేలు. ఇరవైరెండు మందికి పంచితే తలకు రెండు వేలు. కొత్త గుత్త ముప్పైరెండు వేలు. పదహారు మందికి పంచితే తలకు అదే రెండు వేలు. అదే రెండు వేలు. అప్పుడు ఐదు రోజులకు, ఇప్పుడు ఏడు రోజులకు.

"షారన్, ఆగు," అంది ఆనందకుమారి. "అందరూ గట్టెక్కండి."

"ఇంకా ఆ తుంట ఉండాది గదా అత్తా?" అంది షారన్.

"ఉండనీ."

పదహారు మందీ గట్టెక్కి కాళ్లు కడుక్కున్నారు. చిన్నపోలయ్య అరిచి అరిచి, చివరికి సెల్లు తీసుకొని రోడ్డు వైపు నడిచాడు. అతను కనుచూపు దాటాక ఆనందకుమారి నోరు విప్పింది. రోజులు చెప్పింది, గుత్త చెప్పింది. షారన్ సెల్లులో కొట్టి చూసింది. రోజు కూలి నాలుగువందలు పడాల్సింది, రెండువందల ఎనభై ఆరు పడుతోంది.

"పోయినోళ్ల పని బతికినోళ్లం ఊరికే చేస్తుండాం," అంది ఆనందకుమారి. "ఆ ఆరు బారలకి ఎవురూ కూలి ఇయ్యలా. తప్పు నాది. రెడ్డి చెప్పినాడు, నేను తలూపినా. మీ పదిహేను మంది నోట్లో మన్ను కొట్టినా."

 రెబెక్కమ్మే అందుకుంది. "కొట్టినావు. మేమేమన్నా గడ్డి పీకుతుండామా? ఇరవయ్యేళ్లుగా నాటేదాన్ని, నాకు రోజులు తెలీలా? తలకి తగ్గలా, తలకి తగ్గలా అంటే తల తడుముకున్నా గాని నడుం తడుముకోలా."

ఒకతె నవ్వింది. మరొకతె ఏడ్చింది. షారన్ మాత్రం మడి చివర ఖాళీ వైపు చూసి, "మా అమ్మ బార నేనే నాటినా ఎడగారులో. కూలి లేకుండా," అంది.

*

పాళేనికి తూర్పున, వరి మడులకూ రొయ్యల గుంటలకూ నడుమ, ఒక పాటిదిబ్బ ఉంది. ఒకప్పుడు ఊరుండి పాడుపడిన చోటు. తవ్వితే కుండపెంకులు, బూడిద మన్ను, ఎప్పుడైనా ఒక రోటి ముక్క. గత్తరొచ్చి ఊరంతా పోయిందని ముసలివాళ్లు చెప్పేవారు. ఏ రోగం, ఏ కాలం అంటే చెప్పలేకపోయేవారు. ఆ మన్ను మంచి ఎరువు. ఎండాకాలంలో రైతులు ట్రాక్టర్ల కొద్దీ తోలుకొని మడులకు చల్లుకుంటారు. పోయిన ఊరు అలా ఏటికేడు పొలాల్లో కలుస్తూ, వడ్లవుతూనే ఉంది.

సాయంత్రాలు ఆ దిబ్బ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని చదువుకోవడం సమాధానం మాస్టారికి అలవాటు. పాళెంలోనే పుట్టి, హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. గుడికి వెళ్లడు. పాస్టరు ప్రతి ఆదివారమూ ఆయన పేరెత్తి ఆయన మనసు మారాలని ప్రార్థన చేస్తాడు. "చెయ్యనీండి, ఖర్చు లేని పని," అంటాడు మాస్టారు.

గట్టు మీంచి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చారు ఆడవాళ్లు. ఆయన లెక్క విన్నాడు. రెండోసారి చెప్పించుకొని విన్నాడు.

"లెక్క సరిగ్గా ఉంది. తప్పు నీది కాదు అని ఓదార్చను కుమారీ, నీదే. అయితే ఈ లెక్క పెంచలరెడ్డి కనిపెట్టింది గాదు. ఆరువందల డెబ్బై ఏళ్ల కింద ఇంగ్లండులో రాజే చేసినాడు."

"ఆ రాజు గూడా వరి నాటించినాడా?" అంది రెబెక్కమ్మ.

"గోధుమ. ప్లేగు వచ్చింది ఆ దేశంలోకి. ముగ్గురిలో ఒకరు పోయినారు, కొన్ని ఊళ్లలో సగం మంది. దున్నే దిక్కు లేదు, కోసే దిక్కు లేదు. మిగిలిన కూలోళ్లు, జాస్తి ఇస్తే వస్తాం, లేకపోతే పక్కూరికి పోతాం అన్నారు. దొరలకి మండింది. రాజు చేత చట్టం చేయించినారు. తెగులు రాకముందు ఎంత కూలో అంత కూలికే రావాల. ఊరు దాటి పోగూడదు. కాదన్నోడి కాళ్లు కొయ్యలో బిగించి నలుగురి ముందు కూచోబెట్టాల."

"ఏసుప్రభువును నమ్మినోళ్లేనా వాళ్లు?" అంది రెబెక్కమ్మ.

"చట్టంలో మొదటి మాట ఆయన పేరు చెప్పి రాసుకునే రకం."

"మరి కూలోళ్లు వచ్చినారా?" అనడిగింది ఆనందకుమారి.

"కొందరు వచ్చినారు. కొందరు కొయ్యలో కూచున్నారు. చానామంది ఊరు దాటి పోయినారు. ఆఖరికి చట్టం చేయమన్న దొరే, కోతకొచ్చిన పైరు రాలిపోతుంటే చూడలేక, పక్కోడికి తెలియకుండా జాస్తి ఇచ్చి పిలుచుకున్నాడు. మొత్తం మీద కూలి పెరిగింది."

ఆడవాళ్లలో కలకలం రేగింది. మొత్తానికి గెలిచారన్నమాట అని ఒకతె చేతులు తట్టింది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సగం నిజం చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఆయనకు చేతకాదు.

"అంతటితో అయిపోలా. కొన్ని తావుల దొరలు, ఈ కూలోళ్లతో తంటా ఎందుకని, దున్నే నేలంతా గడ్డికి వదిలేసి గొర్రెల్ని తోలినారు. వందమంది బతికే పొలానికి ఒక కాపరి, ఒక కుక్క చాలు. అది ఒక్కరోజులో కాలేదు, వందేళ్లకు పైగా పట్టింది. ఊళ్లకు ఊళ్లు దిబ్బలైనాయి. ఇప్పటికీ ఆ గడ్డి కింద వీధుల గుర్తులు కనిపిస్తాయంట."

ఎవరూ చెప్పకుండానే అందరి తలలూ తూర్పుకు తిరిగాయి. రొయ్యల గుంటల్లో గాలిచక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. పదేళ్ల కింద అదంతా వరి. అప్పట్లో నలభై మంది దిగేవాళ్లు. ఇప్పుడు మేత చల్లేవాడొకడు, కాపలావాడొకడు. పక్క బావుల్లో నీళ్లు ఉప్పగా మారి పాళెంవాళ్లు తాగే నీళ్లు డబ్బాలతో కొనుక్కుంటున్నారు, డబ్బా పది రూపాయలు.

"గొర్రెలు తోలినాక ఆ జనం ఏమైనారు మాస్టారూ?" అంది ఆనందకుమారి.

"కొందరు పట్నాలకి పోయినారు. కొందరి సంగతి ఎవురూ రాయలా. నాకు తెలియదు."

"అంటే మేము కాదంటే రెడ్డి గుంటలు తవ్వుతాడు."

"తవ్వచ్చు."

"అవునంటే?"

"అవునన్నా తవ్వచ్చు. రొయ్యలో లాభముంటే తవ్వుతాడు, లేకపోతే మానుతాడు. నీ మూడువేల రెండొందల్ని చూసి ఏ ఆసామీ ఆగడు."

ఆనందకుమారి చాలాసేపు పెంకుల మీద వేళ్లు ఆడిస్తూ కూచుంది. "అయితే అవుననేదానికి కారణమే కనపడలా నాకు," అంది లేస్తూ.

*

మర్నాడు ఎనిమిదింటికి సొసైటీ గోదాముకు రమ్మని కబురొచ్చింది. ఎరువుల బస్తాల మధ్య పదిమంది రైతులు కుర్చీల్లో ఉన్నారు. ఆనందకుమారి నిలబడింది. మిగతా ఆడవాళ్లు బయట రేకుల చూరు కింద ఆగారు. కుర్చీ ఖాళీగా ఒకటుంది. అందులో ఎవరో తువ్వాలు పెట్టారు.

కాగితం సొసైటీ గుమాస్తా చదివాడు. ఈ పెద్దకారు మొదలు దిబ్బపాళెం ఆయకట్టులో నాట్ల గుత్త ఎకరాకు మూడువేల రెండువందలు. మించి ఇచ్చిన రైతు పదివేలు జరిమానా కట్టాలి. ఊళ్లో నాట్లు పూర్తయ్యేదాకా ముఠా పొలిమేర దాటకూడదు. మాట తప్పితే పాళెం గొడ్లకు గట్ల మీద గడ్డి లేదు, ఎవరి గట్టు మీదా అడుగు పెట్టడానికి లేదు. కింద మేస్త్రి సంతకానికి గీత గీసి ఉంది.

గడ్డి మాట దగ్గర బయట ఒక్కసారి గుసగుస లేచింది. ఆనందకుమారికి రెండు బర్రెలు. రోజుకు ఐదు లీటర్ల పాలు కేంద్రానికి పోసి ఆమె ఇంటి ఖర్చు నడుపుతోంది. పాళెంలో గొడ్డు లేని ఇల్లు తక్కువ. సెంటు భూమి ఉన్న ఇల్లు అంతకన్నా తక్కువ.

"నేను చెడ్డోణ్ణి గాదు కుమారీ," అన్నాడు పెంచలరెడ్డి. ఆ మాటలో నిజం లేకపోలేదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన తమ్ముడు కూడా పోయాడు, పన్నెండు లక్షలు ఖర్చు పెట్టాక. "పుట్టి వడ్లు పన్నెండు వేలకి గూడా అడిగేవాడు లేడు. రెండుసార్లు నారు పోసినా. ఎరువుల ధర నీకు తెలుసు. మీకు తలకి తగ్గించలా గదా, ఇంకేం కావాల?"

"దినాలు కావాల సామీ. ఐదు దినాల పనికి రెండు వేలు తీసుకున్నాం. ఇప్పుడు ఏడు దినాల పనికి రెండు వేలంటుండారు. ఆ రెండు దినాలు యాడికి పోయినాయి?"

కుర్చీల్లో ఒకాయన, "ఆరుగురు తగ్గినారంటే అది మా తప్పా?" అన్నాడు.

"దేవుడు తీసుకుపోయినోళ్లకి నన్ను కూలి ఇమ్మంటావా?" అన్నాడు పెంచలరెడ్డి.

"వాళ్లకి గాదు సామీ. వాళ్ల పని చేసినోళ్లకి."

 గుమాస్తా కాగితాన్ని చూస్తూ, పెన్ను మూత తీసి పెట్టాడు.

"పాత గుత్త నాలుగువేల నాలుగొందలు ఇయ్యండి, ఈ పూటే దిగుతాం," అంది ఆనందకుమారి. "జాస్తి అడగలా. బుచ్చిరెడ్డిపాళెం నుంచి రాత్రే ఫోనొచ్చింది. అయిదు వేలిస్తాం, ఆటో పంపిస్తాం అంటుండారు. అయినా సొంతూరు అని అడుగుతుండాం."

"పొలిమేర దాటితే గడ్డి లేదని చదివినారు గదా!" అన్నాడు పెంచలరెడ్డి.

"ఇన్నా."

"నేను పదెకరాలూ గుంటలు తవ్విస్తా. అప్పుడు నీ నాలుగువేల నాలుగొందలు ఎవరినడుగుతావు?"

"నీ నేల, నీ ఇష్టం సామీ. నేను సంతకం పెడితే తవ్వనని రాసిస్తావా ఆ కాగితంలో?"

పెంచలరెడ్డి మొహం ఎర్రబడింది. రాసిస్తానని అనలేదు. లేచి రెండడుగులు ముందుకు వచ్చి, గొంతు తగ్గించాడు. జూన్‌లో పాళెం వీధిలో మాట్లాడిన గొంతే.

"హెబ్రోను సంగతి మర్చిపోయినావా? డ్రైవరు ఎక్కనన్నాడు. నా ఇంట్లోవాళ్లు కాళ్లకడ్డం పడినారు. అయినా నేనే ఎక్కి తోలినా. వాడు నా వెనక సీట్లో దగ్గుతుంటే అద్దాలు దించుకొని తోలినా. మూడు ఆసుపత్రులు తిరిగినా. అది మనసులో పెట్టుకోనైనా…"

అంతవరకు తడబడని ఆనందకుమారి తల దించుకుంది.  గుమాస్తా పెన్నును ఆమె వైపు జరిపాడు.

"మర్చిపోలా," అంది ఆమె చివరికి. "నేను చచ్చేదాకా మర్చిపోను. నెల్లూరు దాకా తోలినావు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలా. ఆ రుణం ఉండాది, కాదన్లా. కానీ కారెక్కింది నేను, నా మొగుడు. ఈ పదిహేను మంది ఎక్కలా సామీ. వాళ్ల నడుములు తెచ్చి నీ కారు రుణం తీర్చేదానికి నాకు హక్కు లేదు. జూన్‌లో తీర్చినా, తప్పు చేసినా."

ఆమె చేయి పెన్ను దాకా వెళ్లి, దాన్ని గుమాస్తా వైపే తిరిగి నెట్టింది.

"నా రుణం నేనే తీరుస్తా. ఒక ఎకరా, ఒక్కదాన్నే, పైసా తీసుకోకుండా నాటిస్తా. పదకొండు మంది ఒక దినం చేసే పని. నాకు పదకొండు దినాలు పడతాది. మిగతా తొమ్మిదెకరాలు నాలుగువేల నాలుగొందలు. ఇష్టమైతే పిలవండి."

"పదకొండు దినాలా! అప్పటికి నారు ముదిరి కంకికొస్తాది!" ఎవరో నవ్వారు, ఎవరూ తోడు నవ్వలేదు.

"ముదురుతాది," అని ఒప్పుకుని ఆమె గోదాము మెట్లు దిగింది.

*

నిన్న పీకిన నారుకట్టలు పెద్దమడి మూలన నీళ్లలో ఉన్నాయి. ఆనందకుమారి చీర కుచ్చెళ్లు ఎగదోపి మడిలో దిగి, ఒక కట్ట విప్పింది. వెంట వచ్చిన పదిహేను మందీ గట్టు మీద నిలబడ్డారు. షారన్ చీర ఎగ్గట్టి ఒక కాలు నీళ్లలో పెట్టింది.

"దిగబాక!" అంది ఆనందకుమారి. "ఎవురూ దిగబాకండి. ఇది కూలి గాదు."

"నీకేమన్నా పిచ్చా మే?" రెబెక్కమ్మ గట్టు మీంచి అరిచింది. "ఆయన కారు తోలింది ఒక పూట. నువ్వు పదకొండు దినాలు వంగుతావా?"

"ఎవురి లెక్క వాళ్లది. నువ్వు పోయి బుచ్చి ఆటోకి ఫోన్ చెయ్యి. రేపటి నుంచి నువ్వే మేస్త్రివి. అయిదు వేలకి ఒక్క రూపాయి తగ్గినా దిగబాకండి. తలకెంత అని అడగబాక, దినానికెంత అని అడుగు."

"గడ్డో?"

"బర్రెలకి బుచ్చి నుంచి వచ్చేటప్పుడు ఆటో మీద వేసుకురాండి. ఆడ గట్లు లేవా?"

రెబెక్కమ్మ తిట్టుకుంటూనే సెల్లు తీసి షారన్ చేతికిచ్చింది, నంబరు కొట్టమని.

పొద్దెక్కింది. మామూలుగా అయితే ఒక మనిషి నాటడం ఎవరి కంటికీ ఆనదు. ఎకరాల కొద్దీ నీళ్ల మధ్య ఒక్క మనిషి వంగి నాటుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లందరూ ఆగారు. రొయ్యల మేత లారీ డ్రైవరు దిగి, ఏమైందని అడిగాడు. గట్టు మీది ఆడవాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఆగిన బైకు మనిషికి లారీ డ్రైవరే చెప్పాడు. కారు సంగతి, ఆరుగురి సంగతి, అదే రెండు వేల సంగతి. గోదాములో తువ్వాలు పెట్టి ఖాళీగా ఉంచిన కుర్చీ తాలూకు చిన్న రైతు ఒకడు, మూడెకరాల ఆసామి, అటుగా రెండుసార్లు వచ్చి పోయాడు. రెండోసారి రెబెక్కమ్మ పక్కన నిలబడి, ఎటో చూస్తూ, "నాలుగువేల నాలుగొందలైతే దిగుతారా? ఎవరికీ చెప్పబాకండి," అన్నాడు.

"చెప్తాం," అంది రెబెక్కమ్మ. "అందరికీ వినపడేట్టు అడిగితే దిగుతాం."

అతను వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు, ఎందుకంటే అప్పుడే పెంచలరెడ్డి మోటారు సైకిలు గట్టు మొదట్లో ఆగింది.

ఆయన ఆడవాళ్లను దాటుకొని మడి అంచుకు వచ్చాడు. ఆనందకుమారి ముందు నాటిన మేర నాలుగు చాపలు పరిచినంత ఉంది. దాని అవతల ఎకరాల కొద్దీ నీళ్లు. రోడ్డు మీద ఇప్పుడు ఇరవై మంది దాకా జనం. చిన్నపోలయ్య వాళ్లను పొమ్మని చేయి ఊపుతున్నాడు, ఎవరూ పోవడం లేదు.

"కుమారీ, పైకి రా," అన్నాడు పెంచలరెడ్డి.

ఆమె నాటుతూనే ఉంది.

"చాల్లే. కారు మాట ఎత్తినందుకు నాదే తప్పు. ఆ రుణం తీరిపోయిందనుకో. పైకి రా. జనం చూస్తుండారు."

"గుత్త ఎంత సామీ?"

పెంచలరెడ్డి రోడ్డు వైపు చూశాడు, మోటారు సైకిలు వైపు చూశాడు. మూలనున్న నారుకట్టల కొసలు పసుపు తిరుగుతున్నాయి. 

ఆనందకుమారి నడుము ఎత్తి, నాటిన మేరను ఒకసారి చూసుకొని, రోడ్డు మీది వాళ్లకు కూడా వినిపించేట్టు అంది:

"ఉండు రెడ్డీ. నీ కారు ఇంకా మన ఊరి పొలిమేర గూడా దాటలా. ఇందుకూరుపేట రావాల, నెల్లూరు రావాల, మూడు ఆసుపత్రులు తిరగాల. సగం దారిలో దిగేదాన్ని గాదు నేను."

కొత్త కట్ట విప్పి, మళ్లీ వంగి, వెనక్కి ఒక అడుగు వేసింది.